పొట్లం పొడి, సొరకాయ పోగులు

ఈ కాగితాలు నా చేత్తోనే రాస్తున్నాను. రోజుకు ఒక పేజీ. అంతకు మించితే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. అప్పుడు కలం మూసి పక్కన పెడతాను. మూడేళ్ల కిందట ఇదే చేత్తో తలుపు గడియ తీయలేక, బయట నిలబడ్డ పాలాయనను తిరిగి పొమ్మన్న రోజులున్నాయి.

నా పేరు ఎస్తేరు. బోధన్‌లో చిన్నపిల్లల బడిలో టీచర్ని. మా ఆయన దేవదానం చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాకు పిల్లలు లేరు, క్వార్టర్లో ఇద్దరమే ఉంటాం. నా కీళ్లకు వచ్చిన జబ్బు గురించి రాయమని తెలిసినవాళ్లు చాలామంది అడిగారు. జబ్బుతోపాటు నాలో పెరిగిన అనుమానం గురించి కూడా రాయకపోతే ఇది సగం మాటే అవుతుంది. ఆ అనుమానం ఒకసారి నన్ను చావు దాకా తీసుకుపోయింది. ఒక మంచి మనిషిని మా ఇంటి గడప తొక్కకుండా చేసింది.

1996 చలికాలం

ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైన నెల. రోడ్డు పొడవునా చెరుకు బండ్లు ఆగి ఉండేవి. మడ్డి వాసన ఇంట్లోకి, ఉతికిన బట్టల్లోకి కూడా వచ్చేది. ఆ రోజుల్లో పొద్దున లేస్తే వేళ్లు మడత పడేవి కావు. చలికి అనుకున్నాను. వేడినీళ్లలో పెడితే గంటకు వదిలేవి. తర్వాత గంట కాస్తా మధ్యాహ్నం దాకా సాగింది. బోర్డు మీద అక్షరాలు దిద్దుతుంటే సుద్దముక్క జారిపడేది. పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వి, వంగి తీసుకోలేక, ఇంకో ముక్క అందుకునేదాన్ని.

క్రిస్మస్‌కు ముందు ఉంగరపు వేలు ఉబ్బి నల్లబడింది. పెళ్లినాడు చర్చిలో తొడిగిన ఉంగరం సబ్బు రాసినా, దారం చుట్టినా రాలేదు. మా ఆయన సన్న రంపం బ్లేడు తెచ్చి, ఉంగరానికీ వేలికీ మధ్య చెంచా కాడ దూర్చి, అరగంట కూర్చుని కోశాడు. ఇనుమును కోసే మనిషి ఆరోజు రెండు గీతలకోసారి ఆగి నా వేలు చూశాడు.

ఊళ్లో డాక్టరు ఇచ్చిన నొప్పి గోలీలకు కడుపు మండిపోయేది. పండుగకు జొన్నరొట్టె కొట్టబోతే పిండి మీద అరచేయి ఆనించలేకపోయాను. ఆరోజే నందిపేట్ నుంచి మా వదిన వచ్చింది.

సుగుణ వదిన మా ఆయనకు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. భర్త పోయి చాలా ఏళ్లయింది. తనకున్న కొద్ది పొలం చేసుకుంటూ, పసుపు తవ్వే రోజుల్లో కూలికి కూడా పోతుంది. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని చూసింది. కొంగుముడి విప్పి ఒక కాగితం పొట్లం తీసింది. లోపల మట్టిరంగు పొడి.

"అంగడిల ఒకాయన ఇస్తడు. చెట్ల మందు. పొద్దుగాల చెంచెడు తేనెల కలుపుకొని నాకు. నాలుగు రోజులల్ల నువ్వే సూస్తవ్."

నాలుగు రోజులు కూడా పట్టలేదు. మూడోనాడు పిడికిలి మూసుకుంది. అయిదోనాడు పది రొట్టెలు కొట్టాను. తినేది ఇద్దరమని తెలిసి కూడా, ఆపబుద్ధి కాక, పిండి అయిపోయేదాకా కొట్టాను.

1997 ఎండాకాలం

వదిన నెలనెలా పొట్లాలు తెచ్చేది. నేను బడికి పోయేదాన్ని, వంట చేసేదాన్ని, బావి దగ్గర నీళ్లు కూడా తోడేదాన్ని. క్వార్టర్లలో ఆడవాళ్లు, "టీచరమ్మ మంచిగ నిండింది" అని మెచ్చుకున్నారు. నిజమే, ముఖం నిండింది. ఎంత నిండిందంటే అద్దంలో కళ్లు చిన్నవైపోయాయి. చేతులు, కాళ్లు మాత్రం సన్నబడ్డాయి. చిన్న దెబ్బ తగిలినా చర్మం కింద ఊదారంగు మచ్చ పడేది. ఎంత తిన్నా ఆకలి. ఎన్ని నీళ్లు తాగినా దాహం.

ఒకసారి వదిన రావడం రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులూ ఒళ్లంతా నలగ్గొట్టినట్టయింది. మొదటి అనుమానం అప్పుడు పుట్టింది. చెట్ల మందయితే ఇలా పట్టి గుంజుతుందా? పొట్లం విప్పి ఎండలో పట్టి చూశాను. మట్టిరంగు పొడిలో తెల్లటి నలకలు మెరిశాయి.

"నేను సుత నీతో అంగడికి వస్త వదినా. ఆయనను ఒకపారి సూస్త" అన్నాను.

"గంత దూరం నువ్వెందుకు? నేను తెస్తున్న గద" అంది ఆమె తొందరగా.

ఆ తొందర నాకు నచ్చలేదు. అదే సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే పెరట్లో అక్కాతమ్ముళ్లు గుసగుసగా మాట్లాడుకోవడం వినిపించింది. "దానికి జెప్పకు. ఒట్టు" అంటోంది వదిన. మా ఆయన ఏదో గొణిగాడు. నేను కిటికీ పక్కకు జరిగేసరికి ఇద్దరూ మాట మార్చారు.

ఆ తర్వాత నా బుర్ర ఊరుకోలేదు. పిల్లలు లేని ఇల్లు. నేను పోతే ఎవరికి లాభం? ఆ పొడి అమ్మేవాడు వదినకు ఏమైనా ఇస్తున్నాడా? మా ఆయనకు అంతా తెలుసా? ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం ఒక్కో మాటకూ వెనక ఇంకో మాట వినిపించేది. వదిన కూర వండితే, ఆమె తిన్నాకే నేను కంచం ముందు కూర్చునేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ మురుగు పోయే మోరీలో పోసి నీళ్లు కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్లీ తెస్తారని భయం.

నాలుగో రోజు వాంతులు. అయిదో రోజు స్నానానికి పోయి గోడ పట్టుకున్నంతవరకే గుర్తు. మా ఆయన తలుపు గడియ పగలగొట్టి బయటికి తెచ్చాడట. పక్క క్వార్టరాయన జీపులో నిజామాబాద్ తీసుకుపోయారు.

ఖలీల్‌వాడిలో పన్నెండు రోజులు

ఖలీల్‌వాడి అంటే నిజామాబాద్‌లో దవాఖానాల వీధి. జిల్లాలో జబ్బులన్నీ అక్కడే వచ్చి బెంచీల మీద కూర్చుంటాయి. అందులో ఒక చిన్న దవాఖానాలో నాకు మెలకువ వచ్చింది. చేతికి సెలైన్. ఎదురుగా తెల్ల జుట్టు డాక్టరమ్మ.

"ఏమేం మందులు వాడినవమ్మా?"

"ఏం లేవు" అన్నాను. ఆమెను కూడా నేను నమ్మలేదు.

"పొడి తిన్నది. ఆర్నెల్ల సంది" అన్నాడు మా ఆయన తలుపు దగ్గర నిలబడి.

డాక్టరమ్మ నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది, చర్మం మీది మచ్చలు చూసింది. చెట్ల పొడి పేరుతో అమ్మే కొన్నింట్లో స్టెరాయిడ్ గోలీలు నూరి కలుపుతారని అప్పుడు తెలిసింది. దానివల్ల నొప్పి పోయినట్టే ఉంటుంది. లోపల జబ్బు జబ్బులాగే ఉంటుంది. ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది. నాకు పెరిగింది కూడా.

"నేను అనుమానపడింది నిజమే గద డాక్టరమ్మా? అందుకే పారేసిన" అన్నాను. నా గొంతులో గెలిచినట్టు ఏదో ఉంది.

"అనుమానం నిజమే. కానీ ఎవరికీ చెప్పకుండ ఒక్కసారిగ ఆపినవ్ చూడు, దానితోనే పోయేదానివి. బయటినుంచి వచ్చేదానికి అలవాటుపడి ఒళ్లు తనది తాను చేసుకునుడు మానేస్తది. మెల్లగ తగ్గించుకుంట రావాలె. లెక్క ప్రకారం, నా ముందర."

ఆ మధ్యాహ్నం వదిన వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని. నేను లేచి కూర్చుని, వార్డులో అందరూ వినేలా అన్నాను, "నాకు విషం పెట్టినవ్."

ఆమె డబ్బాను స్టూలు మీద పెట్టింది. కొంగు సర్దుకుంది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని కూడా నేను తప్పుకు సాక్ష్యంగానే తీసుకున్నాను.

డాక్టరమ్మ మీద అనుమానం కూడా అంత తొందరగా పోలేదు. దవాఖానా చెప్పిన ల్యాబులో రక్తం ఇచ్చిన రోజే, వీధి చివర ఇంకో ల్యాబుకు పోయి సుజాత అనే పేరుతో మళ్లీ ఇచ్చాను. రెండు కాగితాల మీదా దాదాపు ఒకే అంకెలు వచ్చాయి. కొన్ని నెలల తర్వాత ఆమెకు ఈ సంగతి చెప్తే కళ్లద్దాలు తీసి నవ్వింది. "మంచిపని చేసినవ్. ఆ ల్యాబు మీద నాకు సుత నమ్మకం కుదిరింది" అంది.

1997 చివర: తిండి, చేతులు

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. కొత్త గోలీలు పనిచేయడానికి నెలలు పడతాయన్నారు. స్టెరాయిడ్ తగ్గిస్తున్నకొద్దీ చేతులు మళ్లీ బిగుసుకున్నాయి. షుగర్ కోసం అన్నం తగ్గించమన్నారు. సేమియా మానేయమన్నారు. సేమియా ఉప్మా నాకు ప్రాణం. రొట్టె తినమన్నారు గానీ, రొట్టె కొట్టే చేతులు నాకెక్కడివి? బయట కొన్న రొట్టెలో ఏ పిండి కలిపారోనని నాకు మళ్లీ అనుమానం. మా ఆయన కొడితే అది రొట్టె కాదు, వాషరు.

నెలకోసారి ఖలీల్‌వాడి బెంచీ మీద మూడు నాలుగు గంటలు కూర్చునేదాన్ని. అక్కడ ఒకరోజు నా పక్కన లక్ష్మక్క కూర్చుంది. ఏర్గట్ల దగ్గర పసుపు పండించే రైతు. ఆమె వేళ్లు నా వేళ్లకంటే అన్యాయంగా పక్కకు వంగి ఉన్నాయి. నేను నీళ్ల సీసా మూత తీయలేక అవస్థ పడుతుంటే, ఆమె సీసాను తన మోకాళ్ల మధ్య ఇరికించి, రెండు అరచేతులతో మూత తిప్పి నాకిచ్చింది.

"వేళ్లతోని తియ్యాలని ఎవ్వలు జెప్పిండ్రు?" అంది.

మాటల్లో రొట్టె సంగతి వచ్చింది.

"నాకు సుత రాదు బిడ్డా. సొరకాయను సేమియా లెక్క పొడుగు పోగులు తీసి పోపు ఏసుకుంట. ఒకపూట గదే. చక్కెర మంచిగనే ఉంటున్నది నాకు."

"పోగులు ఎట్ల తీస్తవక్కా, గీ చేతులతోని?"

"గది నేను జెప్పొద్దు. నా చేయి వేరు, నీ చేయి వేరు. నీ చేతికి ఏది ఒప్పితే గది కొనుక్కో. వాడు జెప్పిండు, వీడు జెప్పిండని కొనకు."

అందరూ ఇది వాడు, అది వాడు అనే రోజుల్లో, చెప్పనని అన్నందుకే ఆమెను నమ్మాను.

మా ఆయనకు చెప్తే ఆ వారమే ఊళ్లో పెట్టిన నుమాయిష్ ప్రదర్శనకు పోయి ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చాడు. అందులో ఆరు రకాల బ్లేడ్లు. మైకులో అమ్మేవాడు ఒక్క గుంజుడుకు క్యారెట్‌ను దారాల్లా తీసి చూపించాడట.

"మస్తు సులువు, ఎస్తేరు. వాడు మాట్లాడుకుంటనే తీస్తుండు."

"వాని చేతులు మంచిగున్నయి గాబట్టి" అన్నాను.

అనుకున్నట్టే అయింది. బ్లేడు మార్చాలంటే గోరంత క్లిప్పును రెండు వేళ్లతో నొక్కాలి. కాయను పట్టుకునే బుడిపె నా వేళ్లలో నిలవలేదు. సొరకాయ జారింది, నా కణుపు మీది తోలు లేచింది. షుగర్ ఉన్న ఒంటికి ఆ గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. మురుకుల గొట్టంతో ప్రయత్నించమని పక్కింటామె చెప్పింది. పచ్చి సొరకాయ అందులోంచి రాదు, ఉడికించి పెడితే గుజ్జు కారింది. అయినా దాని పిడి నొక్కడానికి రెండు భుజాల బలం కావాలి. మామూలు కత్తికి పిడి సన్నం, నా పిడికిలి అంత దగ్గరికి మూసుకోదు. కత్తిపీట ముందు కూర్చుంటే మళ్లీ లేవడానికి మోకాళ్లు ఒప్పుకోవు.

మరుసటి నెల డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు సంచిలో ఒక లేత సొరకాయ పెట్టుకుపోయాను. చూపించుకోవడం అయ్యాక, మా ఆయనను వెంటబెట్టుకుని బజారులో పెద్ద గిన్నెల దుకాణానికి వెళ్లాను.

కూరగాయల పోగులు తీసేవన్నీ చూపించమన్నాను. దుకాణం సేటు గల్లా మీద ఒక యంత్రం పెట్టాడు. కింద రబ్బరు, పక్కన తిప్పే పిడి. మీట నొక్కగానే అది గల్లా అద్దానికి గట్టిగా అతుక్కుంది. ఆయన క్యారెట్ అందుకోబోయాడు.

"నువ్వు చెయ్యకు సేటూ. నేను చేస్త. కాయ నాదే" అని సంచిలోంచి సొరకాయ తీశాను.

దుకాణంలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మా ఆయన కొంచెం దూరం జరిగాడు. పిడిని వేళ్లతో పట్టుకోకుండా అరచేత్తో నెట్టి తిప్పాను. బాగానే తిరిగింది. పోగులు పడ్డాయి. మా ఆయన ముఖం వెలిగింది. నాకు మాత్రం అంత బాగా రావడమే అనుమానం వేసింది.

"మా ఇంట్ల షాబాద్ బండ ఉంటది. గరుకుగ. దాని మీద అతుక్కుంటదా?"

సేటు మీట వదులు చేశాడు. తర్వాత నిజం చెప్పాడు. "అతుక్కోదమ్మా. అద్దం లెక్క నున్నగ ఉండాలె."

"గట్లయితే ఒద్దు."

ఆ నిజంతో నాకు ఆయన మీద కొంచెం నమ్మకం వచ్చింది. ఒక్కొక్కటీ చూస్తూ పోయాం. నాలుగు పక్కల తురుముపీట నిలబెట్టి పట్టుకోవాలి, పైపిడి ఇరుకు, నా వేళ్లు దూరలేదు. ఇంకో యంత్రం బాగానే ఉంది గానీ కడగడానికి విప్పితే అయిదు ముక్కలైంది. చివరికి సేటు అటక మీదినుంచి ఒక చిన్న వస్తువు దింపించాడు. చెక్కు తీసేదానిలాంటిదే, అంచుకు సన్న పళ్లున్నాయి. కాయ మీద పొడుగ్గా లాగితే ఒక్కసారికి ఏడెనిమిది పోగులు వచ్చాయి. నొక్కే పని లేదు, మార్చే బ్లేడు లేదు. పిడి ఒక్కటే సన్నం.

"పిడి నేను చూసుకుంట" అన్నాడు మా ఆయన. ఆ పూట అంతా ఆయన మాట్లాడింది అదొక్కటే.

ఇంటికొచ్చి పిడికి సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగాడు. లావుగా, మెత్తగా, తడిచేత్తో పట్టినా జారదు. కాయ పట్టుకోవడం కూడా నాకు కష్టమని చూసి, ఒక చెక్క పలకకు కిందినుంచి రెండు తుప్పుపట్టని మేకులు కొట్టి మొనలు పైకి తేల్చాడు. సొరకాయ ముక్కను వాటికి గుచ్చితే కదలదు. వాడనప్పుడు మొనలకు రెండు బిరడాలు. పలక కింద తడిగుడ్డ. అంతే మా యంత్రం.

నేను దాన్ని వారం రోజులు పరీక్షించాను. పొద్దున బిగుసుకున్న చేత్తో ఒకసారి, సాయంత్రం అలసిన చేత్తో ఒకసారి. పొద్దున చేయలేని పని సులువైన పని కాదని అప్పటికి నాకు అర్థమైంది. సొరకాయ లోపలి గింజల మెత్తని భాగం వదిలేయాలి, లేకపోతే పోగులు తెగిపోతాయి. ఉప్పు ముందే వేస్తే నీళ్లు కారి ముద్దవుతుంది, దించే ముందే వేయాలి. పోపులో పల్లీలు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, పైన నువ్వుల పొడి. మొదటిసారి తిన్నప్పుడు సేమియా కాదని నాలుకకు తెలిసిపోయింది. అయినా ఒక కంచం నిండా, నేను చేసుకున్నది, నేను తిన్నాను. ఆరు నెలల తర్వాత నా పొయ్యి నా చేతికి వచ్చింది. బట్టతో కళ్లు తుడుచుకుని రెండోసారి పెట్టుకున్నాను.

ఇంత చేసిపెట్టిన మనిషిని కూడా నేను పూర్తిగా నమ్మలేదు. నెలకోసారి ఆయన నందిపేట్ పోయేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు. పెరట్లో విన్న ఒట్టు నా చెవిలో ఉండనే ఉంది.

1998 వానాకాలం

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన సంచి సర్దుతుంటే, "నేను సుత వస్త" అన్నాను. వద్దంటాడనుకున్నాను. ఆయన నా వైపు చూసి, "రా" అన్నాడు.

నందిపేట్‌లో వదిన ఇంటి తలుపు తెరిచే ఉంది. ఆమె గోడ పట్టుకుని లేచింది. వెలుగులోకి రాగానే నేను ఆగిపోయాను. గుండ్రటి ముఖం, చిన్నవైపోయిన కళ్లు, సన్నటి చేతుల మీద ఊదారంగు మచ్చలు. పోయిన ఏడు అద్దంలో నేను చూసుకున్న ముఖం అది. దవాఖానాలో ఆమె నా ఎదుట నిలబడిన రోజు కూడా ఇలాగే ఉండి ఉండాలి. ఆరోజు నేను ఆమెను తిట్టాను గానీ చూడలేదు.

ఆమె నీళ్లు తేవడానికి లోపలికి పోయినప్పుడు, గోడ మేకుకు వేలాడుతున్న సంచిలో చేయి పెట్టాను. కాగితం పొట్లాలు. అవే.

"ఎన్నేండ్ల సంది తింటున్నవ్ వదినా?"

ఆమె చెంబు కింద పెట్టింది. "మూడేండ్లు దాటింది. మోకాళ్లు లేవనియ్యవు. నేను పండుకుంటే చేను ఎవ్వలు జూస్తరు?"

"మరి నాకు తెచ్చినప్పుడు..."

"అంగడిల ఆయన మనిషికి ఇన్ని పొట్లాలని లెక్క పెట్టి ఇస్తడు. ఇంకోళ్ల కోసం అడిగితే ఇయ్యడు, వాళ్లే రావాలంటడు. నువ్వు బడి ఇడిసిపెట్టి అంత దూరం ఏమొస్తవ్? నాకిచ్చిన దాంట్ల సగం నీకు పెట్టిన. నేను సగం తిన్న."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన గడప మీద కూర్చుని తల దించుకున్నాడు. "నీకు తెలిస్తే తినవని ఒట్టు పెట్టించుకున్నది. నువ్వు దవాఖాన్ల పడ్డంక నేను అక్కకు అంత జెప్పిన. మెల్లగ మానెయ్యమన్న. తగ్గిస్తే లేవలేకపోతున్నది. నీకు జెప్దమంటే, నువ్వు అక్క పేరే ఎత్తనిస్తలేవు."

నిజమే. ఆ ఏడాదంతా ఆ పేరు ఎత్తితే నేను లేచి వెళ్లిపోయేదాన్ని.

వదిన సంచి నా చేతిలోంచి లాక్కుంది. "నా చేతుల మీద నువ్వు సావబోయినవ్. ఇయ్యాల ఇగ అన్ని మోరీల పోస్త, పాపం పోతది" అని వాకిలి వైపు నడిచింది.

"వద్దు వదినా!" నేను పరుగెత్తలేను. అయినా ఎలాగో ఆమె కంటే ముందు గడప దగ్గరికి చేరి, రెండు చేతులూ అడ్డం పెట్టాను. "పారెయ్యకు. పారేస్తే నాకైనట్టే అయితది. పొట్లాలు సంచిలనే పెట్టు. ఇయ్యాల తినేది తిను. రేపు పొద్దుగాల డాక్టరమ్మ దగ్గరికి పోదం. ఆమె జెప్పినట్టు మెల్లగ ఇడిపిద్దం."

విషమని నేనే పేరుపెట్టిన దాన్ని ఆరోజు ఇంకోపూట తినమని నేనే బతిమాలాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. అప్పుడు చెప్పాను, "నిన్ను అన్న మాట తప్పు వదినా." ఆమె వాకిలి నుంచి వెనక్కి తిరిగింది. సంచి మళ్లీ మేకుకు తగిలించింది.

మర్నాడు ఖలీల్‌వాడి బెంచీ మీద వదిన నా కొంగు పట్టుకుని కూర్చుంది. సూది చూస్తే భయం, కాగితం చూస్తే భయం. "గీ డాక్టరమ్మ నమ్మకమైందేనా?" అని నాలుగుసార్లు అడిగింది. రెండు ల్యాబుల కథ చెప్పాను. మొదటిసారి నవ్వింది. చిట్టీ పిలిచేవాడు ఆమె పేరు తప్పు పలికితే, నేను లేచి సరిచేశాను.

డాక్టరమ్మ ఆమెను చూసి కోప్పడలేదు. పొట్లాలు తన దగ్గర పెట్టుకుని, బదులు గోలీలు రాసి, ఏ వారం ఎంత తగ్గించాలో కాగితం మీద గీతలు గీసి ఇచ్చింది. ఆ గీతలు పూర్తయ్యేదాకా వదిన మా ఇంట్లోనే ఉండాలన్నది నా షరతు. చేను కౌలుకిచ్చి వచ్చింది.

ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా అలాంటి పొట్లం ఉంటే, ఒక్కటే చెప్తాను. అనుమానపడండి, తప్పులేదు. కానీ మీలో మీరే తీర్పు చెప్పుకుని మోరీలో పోయకండి. పొట్లం పట్టుకుని డాక్టరు ముందుకు పోండి. తెచ్చిన మనిషిని కూడా వెంట తీసుకుపోండి. ఆ మనిషి ముఖంలోకి ఒకసారి వెలుగులో చూడండి.

వదిన మా ఇంటికొచ్చిన మూడో రోజు. ఆమెకు కూడా షుగర్ తేలింది, కాబట్టి ఆ పూట ఇద్దరికీ సొరకాయ పోగులే. పలక మీద ముక్క గుచ్చి నేను లాగుతుంటే ఆమె పీట మీద కూర్చుని చూసింది. తానూ ఒకసారి లాగి చూసి, "మంచిగనే ఉన్నది గని, గీ మేకులేంది తల్లీ" అని చేయి వెనక్కి తీసుకుంది. పోపు వేసి, దించే ముందు ఉప్పు చల్లి, వేడివేడిగా ఆమె కంచంలో పెట్టాను.

ఆమె కంచం దగ్గరికి లాక్కుంది గానీ చేయి పెట్టలేదు. తెల్లటి పోగుల వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"గిదాంట్ల ఏం గలిపినవ్ ఎస్తేరూ?"

వంటింటి గుమ్మంలో మా ఆయన కదలకుండా నిలబడ్డాడు. నేను ఆమె ఎదుట కూర్చుని, ఆమె కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని, నమిలి మింగాను. వదిన చెంబులో నీళ్లతో చేయి కడుక్కుంది. తర్వాత తినడం మొదలుపెట్టింది.